ఇష్టపడి పెంచుకున్న వార్‌హామర్ ఆర్మీని చేతులు మార్చడం ఎలా

వార్‌హామర్ 40,000 (చిన్న బొమ్మల సైన్యాలతో బల్ల మీద ఆడే యుద్ధపు ఆట) ఆర్మీని అమ్మేద్దాం అనుకోగానే చాలామంది చేసే పని ఒకటే. షెల్ఫ్ మొత్తం పడేలా ఒక ఫొటో తీసి, "అన్నీ కలిపి, ధర మెసేజ్ చేయండి" అని పెట్టేస్తారు. మొదట వచ్చే బేరం కొన్న ధరలో పావు వంతు కూడా ఉండదు. ఒళ్లు మండి, బొమ్మలన్నీ మళ్లీ అట్టపెట్టెలో సర్ది అటక ఎక్కిస్తారు. మూడేళ్లకు తెరిస్తే ఊడిన చేతులు, విరిగిన కత్తులు, పాతబడిపోయిన కోడెక్స్ (ఆ ఆర్మీ నియమాల పుస్తకం) కనిపిస్తాయి. అమ్మకానికి ముందు కొన్ని సాయంత్రాలు కూర్చుని పని చేస్తే ఈ గతి పట్టదు.

ముందు ఒక విషయం తేల్చుకోండి. మీకు ఎక్కువ డబ్బు కావాలా, ఇల్లు తొందరగా ఖాళీ కావాలా, ఆడుకునేవాళ్ల చేతిలో పడటం ముఖ్యమా? మూడూ ఒకేసారి కుదరవు. స్క్వాడ్‌ల లెక్కన విడివిడిగా అమ్మితే డబ్బు బాగా వస్తుంది కానీ నెలలు పడుతుంది, ఎవరూ అడగని యూనిట్లు చివరికి మీ దగ్గరే మిగులుతాయి. మొత్తం ఒకరికే ఇచ్చేస్తే వారంలో తెమిలిపోతుంది, ధర మాత్రం బాగా దిగాలి. ఏ దారి పట్టినా, రంగులు వేస్తూ గడిపిన గంటలకు దాదాపు ఎవరూ డబ్బు ఇవ్వరు. కొనేవాళ్లు చూసేది ప్లాస్టిక్‌ను, దాని స్థితిని మాత్రమే. ఇది ముందే ఒప్పుకున్నవాళ్లు బేరాల్లో కుంగిపోరు.

దాచుకునేవి ముందే పక్కకు

జాబితా రాయకముందే, ఫొటోలు తీయకముందే, ఉంచుకోదలచినవి తీసి వేరే గదిలో పెట్టండి. అమ్మకం మొదలయ్యాక తీయాలని చూస్తే కొనేవాడు అడిగే స్క్వాడ్‌లోంచే తీయాల్సి వస్తుంది, బేరం చెడుతుంది. కొలత కింద ఒక షూ పెట్టె పెట్టుకోండి. అందులో పట్టినన్నే మీవి. చాలామంది ఆర్మీ నాయకుణ్ని, మొట్టమొదట రంగు వేసిన బొమ్మను ఉంచుకుంటారు. నాయకుడి విషయంలో కాస్త ఆలోచించండి. పేరున్న క్యారెక్టర్ లేకపోతే మొత్తం ఆర్మీని ఒకేసారి కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. మొదటి బొమ్మకు మార్కెట్లో విలువ దాదాపు సున్నా కాబట్టి దాన్ని నిశ్చింతగా దాచుకోవచ్చు.

ఆట మీద ఆశ పూర్తిగా చావకపోతే ఒక కిల్ టీమ్‌కు (కొద్ది బొమ్మలతో ఆడే చిన్న ఆట) సరిపడా బొమ్మలు ఉంచుకోండి. ఆరు నుంచి పద్నాలుగు బొమ్మలుంటే చాలు, 30 అంగుళాల పొడవు 22 అంగుళాల వెడల్పున్న బోర్డు భోజనాల బల్ల మీద పడుతుంది. అసలు 40,000 ఆటకు 60 అంగుళాలకు 44 అంగుళాల బల్ల కావాలి. అద్దె ఇంట్లో ఆర్మీ బయటికి పోవడానికి సగం కారణం ఆ బల్లే.

పనిముట్లు మాత్రం చివర్లో అమ్మండి. ప్యాకింగ్ సమయంలో ఊడిన చేతులు అతికించడానికి జిగురు, ట్వీజర్లు, సన్న బ్రష్ ఎలాగూ కావాలి.

లెక్క రాసుకోవడం

నోటు పుస్తకమైనా స్ప్రెడ్‌షీట్ అయినా సరే, స్క్వాడ్‌కు ఒక వరుస. అందులో యూనిట్ పేరు, బొమ్మల సంఖ్య, ఆయుధాలు, బేస్ (బొమ్మ నిలబడే పీట) కొలత, పదార్థం, రంగు స్థితి, లోపాలు ఉండాలి. ఉదాహరణకు: "ట్యాక్టికల్ స్క్వాడ్, 10, ప్లాస్మా గన్ 1, మిసైల్ లాంచర్ 1, 25 మి.మీ. బేస్, ప్లాస్టిక్, బేస్ కోట్ మాత్రమే, ఒక బోల్టర్ తుపాకీ మొన విరిగింది."

బేస్ కొలత తప్పకుండా రాయాలి. పాత స్పేస్ మరీన్లు (ఆటలో ఒక రకం సైనికులు) 25 మి.మీ. బేస్ మీద ఉంటారు, తర్వాత వచ్చినవాళ్లు 32 మీద. భారీ కవచాల టెర్మినేటర్లకు 40, పెద్ద యంత్రమైన రెడెంప్టర్ డ్రెడ్‌నాట్‌కు 90. టోర్నమెంట్లలో ఆడేవాళ్లు బేస్‌లు మార్చుకునే శ్రమను ధరలోంచి తీసేస్తారు. ఫాంటసీ ఆర్మీ అయితే చదరపు బేస్‌లా, గుండ్రటివా అన్నది ఇంకా ముఖ్యం. 2015లో ఏజ్ ఆఫ్ సిగ్మార్ అనే ఫాంటసీ ఆట వచ్చినప్పుడు చాలామంది చదరాలు పీకేసి గుండ్రటివి అతికించారు. 2024 జనవరిలో ది ఓల్డ్ వరల్డ్ అనే మరో ఫాంటసీ ఆట మొదలయ్యాక చదరాలకే మళ్లీ గిరాకీ. పీకిన చదరాలు డ్రాయర్‌లో ఉంటే వెతికి లాట్‌లో (కలిపి అమ్మే కట్టలో) కలపండి.

పదార్థం తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ప్లాస్టిక్ తేలిగ్గా ఉంటుంది, బల్ల మీద పడితే టక్కుమంటుంది. లోహం చేతిలో పట్టగానే బరువుతో తెలిసిపోతుంది. రెసిన్ ప్లాస్టిక్ కన్నా పెళుసు, సన్నటి భాగాలు వంగి ఉంటాయి. 2011లో వచ్చిన ఫైన్‌కాస్ట్ రెసిన్ అయితే అంచుల్లో చిన్న గాలి బుడగల గుంతలు కనిపిస్తాయి. 1990ల చివర్లో తయారీ కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ సీసం లేని లోహానికి మారింది. అంతకు ముందటి లోహపు బొమ్మలకు తెల్లటి పొడి పట్టి ఉంటే అది సీసం తినేసుకుపోవడం. ఓక్ చెక్క బీరువాల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి వల్ల జరుగుతుంది. ఆ పొడిని ఊదకూడదు. తడిగుడ్డతో తుడిచి, చేతులు కడుక్కుని, లోపం కింద రాయండి.

త్రీడీ ప్రింట్లు, నకలు అచ్చులు ఉంటే అసలైన వాటితో కలపొద్దు. విడిగా, అవేమిటో రాసి ఇవ్వండి. అనుభవం ఉన్నవాడు చేతిలోకి తీసుకోగానే పట్టేస్తాడు. ఒక్క నకలు బయటపడితే మిగతా తొంభై బొమ్మల మీదా అనుమానం పడుతుంది.

ఫొటోలకు కిటికీ పక్క పగటి వెలుగు, వెనక బూడిద రంగు చార్టు సరిపోతాయి. స్క్వాడ్‌కు ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఒకటి, లోపాన్ని దగ్గరగా ఒకటి తీయండి. లోపం ఫొటో వల్ల ధర తగ్గుతుందని భయపడొద్దు. దానివల్ల తగ్గేది డబ్బు వాపసు ఇవ్వాల్సిన గొడవలు.

ధర

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. గేమ్స్ వర్క్‌షాప్ పెట్టె మీది ధరను చూసి 20 శాతం తగ్గించి పెడతారు. ఇక్కడి లెక్కలు బ్రిటన్‌వి. అక్కడ స్వతంత్ర దుకాణాలు కొత్త పెట్టెనే 15 నుంచి 20 శాతం తగ్గించి అమ్ముతాయి. అంటే మీ వాడిన స్క్వాడ్, సీలు తీయని పెట్టె ఒకే ధరలో పక్కపక్కన నిలబడ్డాయన్నమాట. మీది ఎవరు కొంటారు?

లెక్క దుకాణం ధర నుంచి మొదలవ్వాలి. పెట్టె మీద 40 పౌండ్లు ఉందనుకుందాం. బయట 32 నుంచి 34కు దొరుకుతుంది. సీలు తీసి, స్ప్రూ (భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మీదనుంచి కత్తిరించనిది 25 నుంచి 28 పలకొచ్చు. శుభ్రంగా అతికించి, రంగు వేయనిదానికి 18 నుంచి 22. మామూలుగా రంగు వేసినదానికి 14 నుంచి 20. రంగు వేసినది వేయనిదాని కన్నా తక్కువ పలకడం చాలామందికి మింగుడుపడదు. కొనేవాడికి తన ఆర్మీ తన రంగుల్లోనే కావాలి, మీ రంగు తీయడం అతనికి పని. పోటీ స్థాయిలో వేసిన రంగుకు మాత్రం అదనంగా వస్తుంది, అదీ మొత్తం ఆర్మీ ఒకే శైలిలో ఉంటేనే.

ఈబేలో అడుగుతున్న ధరలు చూడొద్దు, అమ్ముడైనవి మాత్రమే చూపే ఫిల్టర్ వాడండి. ఒకే యూనిట్‌వి ఏడెనిమిది అమ్మకాలు చూసి మధ్యది పట్టుకోండి. బ్రిటన్ ఈబేలో 2024 అక్టోబరు నుంచి వ్యక్తిగత అమ్మకందారులకు ఫీజు లేదు. 2025 ఫిబ్రవరి నుంచి ఆ భారాన్ని కొనేవారి మీద వేశారు, కాబట్టి అతనికి కనిపించే ధర మీరు పెట్టినదాని కన్నా ఎక్కువ. ఏడాదిలో అమ్మకాలు 30కి చేరినా, దాదాపు 1,700 పౌండ్లు దాటినా ఆ వివరం పన్ను శాఖకు వెళ్తుంది. సొంతానికి కొన్నవి నష్టానికి అమ్మితే పన్ను పడదు, కానీ మీ జాబితా, పాత రసీదుల మెయిళ్లు దాచుకోండి.

అమ్మే సమయం కూడా ధరను కదిలిస్తుంది. కొత్త ఎడిషన్ (ఆట నియమాల కొత్త కూర్పు) వచ్చినప్పుడల్లా పెద్ద పెట్టెలో రెండు ఆర్మీలు వస్తాయి, మార్కెట్ వాటితో నిండిపోతుంది. 2017లో డార్క్ ఇంపీరియం పెట్టెలో స్పేస్ మరీన్లు, డెత్ గార్డ్. 2020లో ఇండోమిటస్‌లో మరీన్లు, నెక్రాన్లు. 2023లో లెవయథన్‌లో మరీన్లు, టిరనిడ్లు. మూడింట్లోనూ మరీన్లే. కొత్త మరీన్లు అంత సులువుగా ధర నిలబెట్టుకోకపోవడానికి అదొక కారణం. మీ ఆర్మీ ఆ పెట్టెలో ఉంటే కొన్ని నెలలు ఆగండి. కొత్త కోడెక్స్ వచ్చి నియమాలు బలంగా ఉన్నాయన్న పేరు రాగానే అమ్మండి. కోడెక్స్‌ను మాత్రం ఆపొద్దు, కొత్త ఎడిషన్ ప్రకటన రాగానే దాని విలువ పడిపోతుంది. అందులోని యాప్ కోడ్ (ఆట యాప్‌లో ఆ నియమాలు తెరిచేది) వాడేసి ఉంటే ఆ సంగతీ రాయండి.

దొరకని బొమ్మల విషయంలో అత్యాశ వద్దు. బ్రెటోనియా, టూంబ్ కింగ్స్ అనే ఫాంటసీ ఆర్మీలు తయారీ ఆగిపోయిన ఏళ్లలో విపరీతంగా పలికాయి. ఓల్డ్ వరల్డ్‌తో పాటు అవే అచ్చులు కొన్ని తిరిగి అమ్మకానికి వచ్చాయి. ఇంకా పెరుగుతుందని పట్టుకు కూర్చున్నవాళ్లకు ఆ రోజు నచ్చి ఉండదు.

రంగు తీసి అమ్మాలా

ప్లాస్టిక్ అయితే తీయొద్దు. మీరు పడే శ్రమకు తగ్గ తేడా ధరలో రాదు. రంగు దళసరిగా పట్టి వివరాలు కనబడని లోహపు బొమ్మలకు మాత్రం తీయొచ్చు, దొరకని పాత బొమ్మ అయితే తప్పకుండా.

99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను మూతున్న గాజు సీసాలో బొమ్మ మునిగేదాకా పోయండి. పలచటి పూతకు అరగంట నుంచి రెండు గంటలు, దళసరిదానికి రాత్రంతా. నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని పాత టూత్‌బ్రష్‌తో తోమండి, మిగిలితే ఇంకోసారి నానబెట్టండి. కిటికీలు తెరిచి ఉంచాలి, గ్యాస్ పొయ్యి ఉన్న వంటింట్లో అస్సలు చేయొద్దు. ఆల్కహాల్‌లో సూపర్ గ్లూ అతుకులు వదులవుతాయి, చేతులు, ఆయుధాలు మార్చుకోవడానికి పెట్టిన మాగ్నెట్లు ఊడి అడుక్కి చేరతాయి. ద్రవం పారబోసే ముందు జల్లెడ పట్టండి. రెసిన్‌ను రాత్రంతా వదలొద్దు, కనపడని ఒక మూల పది నిమిషాలు ముంచి చూసుకోండి.

డెట్టాల్ కూడా పనిచేస్తుంది, చవక. కానీ డెట్టాల్ తగిలిన రంగుకు నీళ్లు తగిలితే జిగురు ముద్దయి సందుల్లో ఇరుక్కుంటుంది. తోమడం, మొదటి కడుగు రెండూ డెట్టాల్‌తోనే చేసి, రంగంతా పోయాకే సబ్బు నీళ్లు పట్టించండి. ఇంట్లో పిల్లి ఉంటే డెట్టాల్ వద్దు, వాటికి అది విషం. అసిటోన్ లోహానికి మాత్రమే. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో వేసిన ప్లాస్టిక్ మరీన్ కాసేపట్లో ముఖం కరిగి ముద్దవుతాడు.

లోహపు బొమ్మను సూపర్ గ్లూతో అతికించి ఉండి, విడదీయాలంటే నాలుగైదు గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. చలికి ఆ జిగురు పెళుసై చిన్న తిప్పుతో విడిపోతుంది. ప్లాస్టిక్ సిమెంటుతో అతికినవి ఇలా రావు, అక్కడ ప్లాస్టిక్ కరిగి ఒకటైపోయింది. కత్తిరించడమే దారి.

ప్యాకింగ్

చలికాలంలో పార్సెల్‌లో చేతులు ఊడటానికి కారణమూ ఆ పెళుసే. కాబట్టి బొమ్మ పెట్టెలో కదలకూడదు, ఒకదానికొకటి తగలకూడదు.

ఒక్కో బొమ్మను మెత్తటి టిష్యూలో రెండు చుట్లు చుట్టండి. కత్తి, జెండా, యాంటెనా లాంటి సన్న భాగాల చుట్టూ ముందుగా చిన్న టిష్యూ ఉండ పెట్టి, ఆపైన చుట్టాలి. బబుల్ రాప్ ఆ తర్వాతే. బుడగలు నేరుగా పెయింట్‌కు ఆనితే వేడికి వార్నిష్ మీద గుండ్రటి మచ్చలు పడతాయి. మెత్తటి పీవీసీ కవర్లు అసలే వద్దు. జామెట్రీ బాక్సులో రబ్బరు ప్లాస్టిక్ స్కేలుకు అతుక్కుపోయినట్టే, ఆ కవర్‌లోంచి వచ్చే నూనె బొమ్మ ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.

చుట్టినవాటిని స్క్వాడ్‌కు ఒక చిన్న గట్టి డబ్బాలో పేర్చి, మీద పేరు, సంఖ్య రాయండి. లోహపు బొమ్మలను ప్లాస్టిక్‌వాటితో ఒకే డబ్బాలో వేయొద్దు, వేసినా అడుగునే. ఆ డబ్బాలను పెద్ద అట్టపెట్టెలో, అన్ని వైపులా కనీసం 5 సెంటీమీటర్ల నింపుడుతో పెట్టండి. మూత వేసి ఊపండి. లోపల శబ్దం వస్తే మళ్లీ తెరవాల్సిందే. రాయల్ మెయిల్ స్మాల్ పార్సెల్ హద్దు 45, 35, 16 సెంటీమీటర్లు, 2 కిలోలు. ప్లాస్టిక్ ఆర్మీ బరువుకన్నా కొలతలో ముందు దాటుతుంది, లోహపుది బరువులో. ట్రాకింగ్ లేకుండా పంపొద్దు, పరిహారం హద్దు మీ లాట్ ధర కన్నా తక్కువుంటే రెండు పార్సెళ్లు చేయండి. పెట్టె మూసేముందు పై పొర కనిపించేలా ఒక ఫొటో తీసి ఉంచుకోండి.

ఆర్మీతో పాటు రంగుల చిట్టీ ఒకటి పెట్టండి. "మెక్రాగ్ బ్లూ బేస్, డ్రాకెన్‌హాఫ్ నైట్‌షేడ్ వాష్, కాల్గర్ బ్లూ అంచులు" అని రాస్తే చాలు, కొత్త యజమాని ఇంకో స్క్వాడ్‌ను అదే రంగులో కలుపుకోగలడు. మొత్తం ఆర్మీని కొనేవాళ్లకు ఈ చిట్టీ ఉందని ముందే చెప్పండి, బేరంలో పనికొస్తుంది.

ఇండియాకు తెచ్చుకుంటే

అమెరికా, బ్రిటన్ నుంచి తిరిగొచ్చేవాళ్లు అక్కడే అమ్మాలా, తెచ్చుకోవాలా అని ఊగిసలాడతారు. కొనేవాళ్ల సంఖ్య అక్కడ చాలా ఎక్కువ, అది నిజం. ఇక్కడ కొనేవాళ్లు తక్కువే అయినా కొత్త పెట్టెలు ఖరీదు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. అందుకే హైదరాబాద్, బెంగళూరు ఆటగాళ్లలో వాడిన ఆర్మీకి విలువ ఉంటుంది. ప్లాస్టిక్ తేలిక కాబట్టి చేతి సామానులో తెచ్చుకోవచ్చు. ఫోమ్ ట్రేలున్న కేసును పైనుంచి తెరిచేలా సర్దండి, లోహపు బొమ్మల గుట్ట స్కానర్‌లో చూస్తే సంచి తెరవమంటారు. హాబీ నైఫ్, క్లిప్పర్లు చెక్-ఇన్‌లో వేయాలి. ప్రైమర్ స్ప్రే డబ్బాలు చేతి సంచిలోనూ, చెక్-ఇన్‌లోనూ, అంతర్జాతీయ పోస్టులోనూ కుదరవు, అక్కడే ఎవరికైనా ఇచ్చేయండి.

ఇక్కడికొచ్చాక శత్రువు ఎండ. మే నెలలో అటక మీద, ఆగి ఉన్న కారులో రెసిన్ కత్తులు వంగుతాయి, పీఎల్‌ఏ ప్లాస్టిక్ త్రీడీ ప్రింట్లు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడతాయి. వంగిన రెసిన్‌ను మరగని వేడి నీళ్లలో అర నిమిషం ముంచి, వేళ్లతో సరిచేసి, వెంటనే చల్లటి నీళ్లలో ముంచితే అలాగే నిలుస్తుంది. విశాఖ లాంటి తేమ ఊళ్లో వానాకాలంలో మ్యాట్ వార్నిష్ స్ప్రే చేయొద్దు, తెల్లగా మంచు పట్టినట్టవుతుంది.

పిల్లలకు ఇవ్వాలనిపిస్తే

చుట్టాలింటి పిల్లాడు షెల్ఫ్ చూసి "అన్నీ నాకే ఇచ్చేయ్ మామయ్యా" అంటే మెత్తబడకండి. మాగ్నెట్లు ఉన్న బొమ్మలు చిన్న పిల్లలకు ప్రమాదం. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని గోడలకు రంధ్రాలు చేస్తాయి. పాత సీసపు బొమ్మలు కూడా ఇవ్వొద్దు. పన్నెండేళ్లు దాటి, కూర్చుని ఆడే ఓపిక ఉన్నవాళ్లకు ఒక స్క్వాడ్, రెండు పాచికలు, తగ్గించి రాసిన నియమాల పేజీ ఇచ్చి చూడండి. మూడు నెలలకు ఆ స్క్వాడ్ ఇంకా నిలబడి ఉంటే రెండోది ఇవ్వండి. స్కూల్ లేదా కాలేజీ గేమింగ్ క్లబ్‌కు ఇస్తే జాబితా కాపీ కూడా ఇవ్వండి, లేకపోతే ఆయుధాలు కలిసిపోయి ఎవరికీ పనికిరావు.

చివరికి మిగిలేవి

రంగు డబ్బాల్లో ఎండినవి పారేయండి, గట్టిపడినదాన్ని నీళ్లతో బతికించి లాట్‌లో కలపొద్దు. మూత సరిగా పడేవాటిని రంగు కుటుంబం ప్రకారం పదేసి కట్టలుగా అమ్మితే పోతాయి. మిగిలిన తలలు, చేతులు, ఆయుధాల డబ్బాను 100 గ్రాముల పొట్లాలు చేసి పెట్టండి, ఒక్కో ఆయుధం పేరు రాస్తూ కూర్చుంటే సమయం వృథా. ప్లాస్మా, మెల్టా లాంటి ప్రత్యేక ఆయుధాలను మాత్రం విడిగా తీయండి, వాటికి వేరే ధర వస్తుంది. ఖాళీ స్ప్రూ పోలిస్టైరిన్, మామూలు రీసైక్లింగ్ డబ్బాలో చాలా చోట్ల తీసుకోరు. అరిగిన బ్లేడ్లను మందు సీసాలో వేసి మూతకు టేప్ చుట్టి పారేయండి, చెత్త తీసేవాళ్ల చేతులు తెగకుండా.